మా బండిని పరీక్షించండి: రవాణా శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ కమిషనర్ గారికి,
విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల రవాణా అధికారులకు,

నమస్కారం.

ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చెప్పి రిటైరైన వాణ్ణి. విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్ళే దారిలో ఉంటాను. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక కారు కడుతున్నాను. పాత కారుకి రంగు మార్చి స్టిక్కర్లు అంటించే పని అనుకోకండి. 16 గేజి స్క్వేర్ పైపులు కోసి, ఫ్రేము అతికి, తుక్కు ధరకి దొరికిన మారుతీ ఓమ్ని ఇంజను, గేరుబాక్సు, వెనక యాక్సిల్ దానికి అమర్చి, రెండు సీట్ల చిన్న బండి తయారు చేస్తున్నాను. ఫ్రేము అయింది. రేకు పని, వైరింగు, బ్రేకు పైపులు మిగిలాయి. అవన్నీ ఎప్పుడో ఒకప్పుడు అవుతాయి. అయ్యాక ఈ బండి చట్టబద్ధంగా రోడ్డెక్కే దారి మాత్రం మన దేశంలో లేదు. ఆ దారి వేయించమని అడగడానికే ఈ లేఖ.

ముందే ఒక మాట. నాకు మినహాయింపు వద్దు. మీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు వచ్చి నా బండిని పైనుంచి కింది దాకా తనిఖీ చేసి, బాగోలేకపోతే బాగోలేదని కాగితం మీద రాసిచ్చినా సంతోషిస్తాను. ఇవాళ ఆ ‘బాగోలేదు’ అనిపించుకోవడానికి కూడా వీల్లేదు. తనిఖీకి దరఖాస్తు చేసుకునే ఫారమే లేదు.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండి పబ్లిక్ రోడ్డు మీదకి రాకూడదు. సబబే. రిజిస్ట్రేషన్‌కి ఫారం 20తో పాటు అమ్మినవాళ్ళు ఇచ్చే ఫారం 21, తయారీదారు ఇచ్చే ఫారం 22 జత చేయాలి. ఈ బండి రోడ్డు మీద తిరగడానికి తగినదేనని తయారు చేసినవాళ్ళు ఇచ్చే హామీ ఈ ఫారం 22. నా బండికి తయారు చేసినవాణ్ణీ నేనే, కొనుక్కున్నవాణ్ణీ నేనే. నాకు నేనే సంతకం పెట్టుకుంటే చెల్లదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 126వది ఏమంటుందంటే, ముందు ఒక నమూనా బండిని పుణేలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థల్లో పరీక్ష చేయించి ఆమోదం తెచ్చుకోవాలి. ఆ మోడల్‌లో తర్వాత వచ్చే బండ్లన్నిటికీ ఆ ఆమోదం వర్తిస్తుంది.

వేలల్లో, లక్షల్లో బండ్లు దింపే కంపెనీల కోసం రాసిన నియమం అది. ఆ ఖర్చు లక్ష బండ్ల మీద పంచుకుంటే ఒక్కోదాని మీద ఎంతో పడదు. పరీక్షలో ఒక బండిని గోడకి గుద్ది నుజ్జు చేసినా కంపెనీకి లోటు లేదు, దాని వెనక అలాంటివే వరుసగా వస్తుంటాయి. నా దగ్గరున్నది ఒక్కటే. దాన్ని గుద్దేస్తే సర్టిఫికెట్ చేతికొస్తుంది, బండి తుక్కు కొట్టుకి పోతుంది.

కొత్త బండిగా కాకుండా పాత ఓమ్నికి మార్పులు చేసినట్టు చూపిస్తే పోలా అని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. దానికి 52వ సెక్షన్ అడ్డం. తయారీదారు పేర్కొన్న వివరాలకీ ఆర్సీలో ఉన్న వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. కేరళ నుంచి వెళ్ళిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో 182ఏ సెక్షన్ చేరింది. అనుమతి లేకుండా చేసే ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆ ఓమ్నిలో నేను మార్చనిది ఇంజను నంబరు ఒక్కటే. మార్పుకి ఐదు వేల చొప్పున లెక్కేస్తే ఇల్లు అమ్ముకోవాలి.

బండి ఎలా ఉండాలన్న నియమాలు చేసే అధికారం 110వ సెక్షన్ కింద కేంద్రానిదని నాకు తెలుసు. ‘మా చేతిలో ఏముంది మేస్టారూ’ అని మీరు అనవచ్చు. మీ చేతిలో ఉన్నది చివర్లో అడుగుతాను. అంతకంటే ముందు, ఇది గొంతెమ్మ కోరిక కాదని చెప్పుకోవాలి.

2021 జులైలో కేంద్రం 50 ఏళ్ళు దాటిన వింటేజ్ బండ్లకి ప్రత్యేక నియమాలు తెచ్చింది. వాటి నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అనే అక్షరాలుంటాయి. వాటిని వ్యాపారానికీ, రోజువారీ తిరుగుళ్ళకీ వాడకూడదు. ర్యాలీకి, ప్రదర్శనకి, పెట్రోలు పోయించడానికి, రిపేరుకి మాత్రం రోడ్డు మీదకి తేవచ్చు. అంటే అవసరం కోసం కాక ముచ్చట కోసం బండి పెట్టుకునేవాళ్ళు ఈ దేశంలో ఉన్నారని ప్రభుత్వమే ఒప్పుకుంది. అంతకు ముందు 2018లో, ఒక్కో కంపెనీ ఏడాదికి 2,500 దాకా విదేశీ కార్లను ఇక్కడ మళ్ళీ పరీక్షలు లేకుండానే దిగుమతి చేసుకోవచ్చని వెసులుబాటు ఇచ్చింది. వికలాంగుల కోసం బండిని మార్చుకునేందుకు చట్టంలోనే చోటుంది. సైడ్ వీల్స్ బిగించిన స్కూటర్లు మన ఊళ్ళలో ఎన్ని లేవు? లారీల సంగతి సరేసరి. కంపెనీ చాసిస్ ఇస్తుంది, బాడీ ఇంకెవరో కడతారు, ఆ కట్టినవాళ్ళ సర్టిఫికెట్‌కి వేరే ఫారం ఉంది. ఇన్ని రకాలకి ఇన్ని తలుపులు తెరిచిన చట్టం, సొంతంగా ఒక్క బండి కట్టుకునేవాడికి చిన్న కిటికీ అయినా తెరవలేదా?

బ్రిటన్‌లో ఈ అభిరుచికి పెద్ద చరిత్రే ఉంది. 1957లో కోలిన్ చాప్‌మన్ అనే కార్ల డిజైనర్ తీసుకొచ్చిన లోటస్ సెవెన్ అనే చిన్న కారుని విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే అప్పట్లో కొనుగోలు పన్ను పడేది కాదు. బిగించే విధానం రాసిన కాగితం జత చేస్తే పన్ను వర్తిస్తుందని, కంపెనీ వాళ్ళు బండి ఎలా విప్పాలో రాసిచ్చారనీ, జనం దాన్ని చివర్నుంచి మొదటికి చదువుకుంటూ బిగించుకున్నారనీ ఒక కథ చెప్పుకుంటారు. 1973లో వ్యాట్ వచ్చాక ఆ లాభం పోయింది. అదే ఏడాది ఆ బండి హక్కులు తీసుకున్న కేటరమ్ కంపెనీ ఇప్పటికీ దాన్ని తయారు చేస్తోంది, అడిగితే కిట్టుగానూ ఇస్తోంది. పన్ను మిగులుతుందని మొదలుపెట్టినవాళ్ళు, పన్ను మిగలకపోయినా మానలేదు.

అక్కడ ఇంట్లో కట్టిన కారుని ఊరికే రోడ్డు మీదకి వదిలేస్తారని అనుకోకండి. ఐవీఏ అనే పరీక్ష ఉంది. 2009 నుంచి నడుస్తోంది, అంతకు ముందు ఎస్‌వీఏ ఉండేది. అధికారి ఆ ఒక్క బండినీ పట్టుకుని చూస్తాడు. బ్రేకు తొక్కితే ముందు చక్రాలకెంత, వెనక చక్రాలకెంత పోతోంది? తిప్పి వదిలిన స్టీరింగ్ దానంతటది మధ్యకి వస్తోందా? సీటు బెల్టు బోల్టు గట్టి ఇనుముకి పట్టించారా, రేకుకా? స్పీడోమీటరు నిజం చెబుతోందా? పొగ, చప్పుడు హద్దులో ఉన్నాయా? బయట మనిషికి తగిలే చోట అంచులు పదునుగా ఉండకూడదు, 2.5 మిల్లీమీటర్ల రేడియస్ అయినా ఉండాలి. ఇంత చూస్తారు గానీ బండిని గోడకి గుద్దరు. పొగ హద్దు ఇంజను ఏ కాలం నాటిదో దాన్ని బట్టి ఉంటుంది. వయసు తేలని బండికి ‘క్యూ’తో మొదలయ్యే నంబరు ఇస్తారు, చూడగానే జనానికీ పోలీసుకీ తెలిసిపోతుంది. జర్మనీలో, న్యూజిలాండ్‌లో, ఆస్ట్రేలియాలో కూడా ఒక్కో బండిని విడిగా చూసి ఆమోదించే పద్ధతులున్నాయి.

పొగ సంగతి మన దగ్గర మరీ చిక్కు. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్తగా రిజిస్టరయ్యే బండి బీఎస్-6 పొగ ప్రమాణానికి సరిపోవాలి. నా ఓమ్ని ఇంజను దానికి చాలా ముందుది. అదే ఇంజను ఓమ్నిలో ఉండగా తిరగవచ్చు, దాన్ని తీసి తేలికైన బండిలో పెడితే తిరగకూడదు. ఇంజను వయసుని బట్టి పొగ హద్దు పెట్టకపోతే మాలాంటివాళ్ళకి మిగిలేది కరెంటు మోటారే. అదీ మంచిదే, నా తర్వాత కట్టే కుర్రాళ్ళు ఎలాగూ బ్యాటరీ బండే కడతారు. కానీ బ్యాటరీలతో ఆటలాడకూడదని 2022లో స్కూటర్లు తగలబడినప్పుడు అందరం చూశాం. తనిఖీ ఉండాలని నేను అనడానికి అదొక కారణం.

ఓమ్నినే ఎందుకు తీసుకున్నానంటే, అందులో ఇంజను బండి పొడవు వెంట ఉంటుంది, దాని వెనక గేరుబాక్సు, అక్కణ్ణుంచి ప్రొపెల్లర్ షాఫ్టు, వెనక యాక్సిల్. మూడు సిలిండర్లు, 796 సీసీ. ఈ వరసనంతా యథాతథంగా ఎత్తి తక్కువ ఎత్తు ఫ్రేములో పెట్టుకోవచ్చు. మారుతీ 800లో ఇంజను అడ్డంగా ఉండి ముందు చక్రాలని తిప్పుతుంది కాబట్టి నా లేఅవుట్‌కి కుదరదు. ఒకప్పుడు మన జిల్లాల్లో పెళ్ళికీ, ఆసుపత్రికీ, బడి పిల్లలకీ అన్నిటికీ ఓమ్నే. 2019లో కంపెనీ ఆపేసింది గానీ, సామాను ఏ మెకానిక్‌ని అడిగినా దొరుకుతుంది.

ఇక ఫ్రేము ఎలా కట్టానో కాస్త వివరంగా చెప్పనివ్వండి. ‘ఇంట్లో కట్టాడు’ అనగానే వైరు చుట్టి మేకులు కొట్టినట్టు ఊహించుకుంటారు, అందుకని. గచ్చు మీద పెట్టి కడితే గచ్చులో ఉన్న వంకరే ఫ్రేముకీ వస్తుంది. అందుకే ముందు బల్ల. రెండు ఐ సెక్షన్ల మీద మందపాటి ప్లేటు పరిచి, రసమట్టంతో అన్ని వైపులా సరిచూసుకున్నాను. ప్లేటు మీద చాక్‌తో అసలు సైజులో గీత గీసి, గీత మీద పైపులు పెట్టి, మూలమట్టం ఆనించి ట్యాకింగ్, అంటే చుక్కల్లా చిన్న చిన్న అతుకులు మాత్రమే కొట్టాను. ఒక మూల పూర్తిగా వెల్డింగ్ కొట్టేస్తే, చల్లారేటప్పుడు ఇనుము ముడుచుకుని ఆ వైపుకి ఫ్రేముని లాగేస్తుంది. అందుకే ఇక్కడ కాస్త, ఎదురు మూల కాస్త. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు కర్ణాలు టేపుతో కొలుస్తూ ఉండాలి. రెండూ సమానంగా ఉన్నంత సేపూ ఫ్రేము మూలమట్టం తప్పనట్టే.

16 గేజి పైపు గోడ ఒకటిన్నర మిల్లీమీటరు చిల్లర. మామూలు కిటికీ గ్రిల్లు కొట్టినట్టు ఆంపియర్లు పెట్టి కొడితే బొక్క పడుతుంది. భయపడి తగ్గిస్తే పైన కుప్పగా పేరుకుంటుంది, లోపల పట్టదు. చూడ్డానికి రెండోదే అందంగా ఉంటుంది, ప్రమాదమూ దానితోనే. ఐటీఐలో పిల్లలకి చెప్పిందే నేనూ చేశాను: అదే పైపు ముక్కలు రెండు అతికి, వైస్‌లో బిగించి, సుత్తితో కొట్టాలి. పైపు వంగితే అతుకు మంచిది. అతుకు దగ్గర విడిపోతే ఆ సెట్టింగ్ పనికిరాదు. ఇంకో ముక్కని అడ్డంగా కోసి, అంచు ఆకురాయితో నున్నగా చేసి, ఎంత లోతు కరిగిందో చూడాలి. ఆ ముక్కలన్నీ తేదీ వేసి దాచాను, మీవాళ్ళు అడిగితే చూపించడానికి. ఇప్పటిదాకా అడిగినవాళ్ళు ఎవరూ లేరు, మా వీధి పిల్లలు తప్ప.

సాయంత్రాలు షెడ్డు ముందు ఆ పిల్లలే ఉంటారు. దారిన పోయే పెద్దవాళ్ళు మాత్రం ఒకటే ప్రశ్న వేస్తారు: “ఏటి మేస్టారూ, ఇది రోడ్డెక్కుతాదేటి?” ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్ళు కొందరు శని, ఆదివారాలు వచ్చి చెయ్యి వేస్తారు. కంప్యూటర్‌లో ఫ్రేము బొమ్మ నాకంటే బాగా గీస్తారు, వెల్డింగ్ హోల్డర్ చేతికిస్తే వణుకుతారు. 2007 నుంచి బాజా ఎస్ఏఈ ఇండియా పోటీల్లో దేశమంతటి విద్యార్థులు బగ్గీలు కట్టి పరిగెత్తిస్తున్నారు. పోటీ అయ్యాక ఆ బండి కాలేజీ షెడ్డులో మూల పడుతుంది, ఆ విద్య కూడా దానితో పాటే.

ఇక అసలు అభ్యంతరానికి వస్తాను. ‘నీ సరదా కోసం రోడ్డు మీద జనం ప్రాణాలు పణంగా పెట్టాలా?’ న్యాయమైన ప్రశ్న. నా బండికి ఎయిర్‌బ్యాగులు లేవు. గుద్దుకుంటే కొత్త కారులో ఉన్నంత రక్షణ నాకుండదు. ఆ మాటకొస్తే మోటారు సైకిలు మీద ఏ రక్షణ ఉంది? నడిపేవాడి రిస్కు వేరు, ఎదుటివాడికి కలిగే రిస్కు వేరు. ఎదుటివాడికి ప్రమాదం తెచ్చేవి బ్రేకు, స్టీరింగ్, లైటు, ఊడిపోయే చక్రం, పదును అంచు. ఇవన్నీ ఒక పూటలో తనిఖీ చేయగలిగినవే. ఒక్క ఉదాహరణ చెబుతాను. ఓమ్ని బ్రేకులు ఓమ్ని బరువు లెక్కకి చేసినవి. నా బండి చాలా తేలిక, బరువు పంపకం కూడా వేరు. అవే బ్రేకులు అలాగే పెడితే, గట్టిగా తొక్కినప్పుడు వెనక చక్రాలు ముందే బిగుసుకుపోయి బండి తోక తిప్పేయవచ్చు. దాన్ని సరిచేయాలంటే వెనక లైనులో ఒత్తిడి తగ్గించే వాల్వు పెట్టాలి. సరిగ్గా కుదిరిందో లేదో కంటికి తెలియదు, రోలర్ బ్రేక్ టెస్టర్ మీద ఎక్కిస్తే తెలుస్తుంది. ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లకి 2021లో నియమాలొచ్చాయి, వాటిలో ఉండే యంత్రం అదే. లారీకీ బస్సుకీ ఫిట్‌నెస్ చూసే ఆ రోలర్ల మీద నా బండినీ ఎక్కించమంటున్నాను. ఫీజు ఎంతయినా కడతాను.

మనం విజయనగరం వాళ్ళం. ఏటా పైడితల్లి అమ్మవారి పండక్కి కొత్త చింతమాను తెచ్చి, మన వడ్రంగులే సిరిమాను కట్టి, దాని కొసన పూజారిని కూర్చోబెట్టి కోట దాకా తిప్పుతాం. ఆ మానుకి పుణే నుంచి సర్టిఫికెట్ ఎవరూ అడగరు. కట్టేవాళ్ళ చేతి మీద నమ్మకం ఉంది, చుట్టూ నిలబడి చూసే అధికారుల కళ్ళున్నాయి. నేనడిగేది ఆ రెండో భాగమే.

దారి లేకపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. నాకు ఎక్కువ మంది ఇచ్చిన సలహా ఇది: “ఆ ఓమ్ని నంబరే తగిలించేయండి మేస్టారూ, ఎవడు చూస్తాడు?” నిజమే, బహుశా ఎవరూ చూడరు. మోటారు సైకిలు ఇంజనుతో లాగే బళ్ళు, లోపల బల్లలు చేర్చి రెట్టింపు జనాన్ని ఎక్కించే ఆటోలు మనందరి కళ్ళ ముందే తిరుగుతున్నాయి. కానీ ఆ నంబరుతో తిరుగుతూ ఒకణ్ణి గుద్దాననుకోండి. ఆర్సీలో ఉన్నది వ్యాను, రోడ్డు మీద ఉన్నది ఇంకేదో. బీమా కంపెనీ కొర్రీ వేస్తుంది, దెబ్బ తిన్నవాడు కోర్టుల చుట్టూ తిరుగుతాడు. నిజం చెప్పేవాడికి దారి మూసేసి, అబద్ధం చెప్పేవాడికి గేటు తెరిచి ఉంచిన ఏర్పాటు ఇది. సైలెన్సర్ కోసేసి అర్ధరాత్రి ఊరంతా లేపేవాళ్ళ మీద మీరు ఎంత కఠినంగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు. వాళ్ళనీ నన్నూ ఒకే గాట కట్టకండి.

దొంగ బండ్ల భయం కూడా మీకుంటుంది. కొట్టుకొచ్చిన కారు విప్పి, కిట్టు కారు పేరుతో కొత్త నంబరు తీసుకోవచ్చు కదా అని. అందుకని ఇంజనూ యాక్సిలూ ఏ బండివో ఆ ఆర్సీని ముందే సరెండర్ చేయించండి. పైపుల బిల్లుల నుంచి టైర్ల బిల్లుల దాకా, దశల వారీగా తీసిన ఫొటోలు అడగండి. చాసిస్ నంబరు నన్ను కొట్టుకోనివ్వకండి, మీ ఇన్‌స్పెక్టర్ గారి ఎదుటే పంచ్ చేయించండి. మనిషికి ఒక్కటే బండి, అద్దెకి తిప్పకూడదు, ఇన్నేళ్ళ దాకా అమ్మకూడదు, ఇంత వేగం దాటకూడదు, చీకటి పడ్డాక హైవే ఎక్కకూడదు అని షరతులు పెట్టండి. వింటేజ్ బండ్లకి ‘వీఏ’ ఉన్నట్టు వీటికీ రెండు అక్షరాలు కేటాయించమని కేంద్రానికి రాయండి. తప్పుడు బిల్లు పెట్టినవాడి బండిని తుక్కు చేయండి.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నది. ఒకటి, సొంతంగా కట్టుకున్న బండ్లకి విడి విడి తనిఖీ ఉండాలని రాష్ట్ర రవాణా శాఖ తరఫున కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖకి ఒక ప్రతిపాదన. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో ఒకాయన తుక్కుతో చిన్న జీపు కట్టుకుంటే, అది నిబంధనలకి సరిపోదు కాబట్టి ఎప్పటికైనా అధికారులు ఆపేస్తారని చెబుతూనే, ఆనంద్ మహీంద్రా దాన్ని తీసుకుని బదులుగా బొలెరో ఇచ్చారు. అది 2021 చివర మొదలై 2022 జనవరిలో పూర్తయిన ముచ్చట. ఆయనకి బొలెరో దొరికింది, మంచిదే. మిగతావాళ్ళకి కావలసింది నియమం.

రెండోది, నియమం వచ్చేలోపు. లైసెన్సు పరీక్షలు జరిగే డ్రైవింగ్ ట్రాక్‌ని నెలలో ఒక ఆదివారం పూట మాలాంటివాళ్ళకి ఇప్పించండి. బండిని సొంత చక్రాల మీద తీసుకురాం, ట్రాలీ మీద ఎక్కించి తెస్తాం. గేటు వేసి ఉంటుంది, బయటి జనం ఉండరు. మీ ఇన్‌స్పెక్టర్ గారు పక్కన నిలబడతారు, బ్రేకు తొక్కించి చూస్తారు, తప్పులు రాస్తారు. రేపు నియమం వచ్చినప్పుడు తనిఖీలో ఏమేం చూడాలో మీవాళ్ళకి అప్పటికే చేతిలో అనుభవం ఉంటుంది. మూసిన గేటు లోపల, మీ అధికారి ఎదుట జరిగే పని కాబట్టి ఇది జిల్లా స్థాయిలోనే తేల్చగలరని నా నమ్మకం. మీకు వేరే అభిప్రాయం ఉంటే రాతపూర్వకంగా చెప్పండి, దాన్ని బట్టి ముందుకు వెళ్తాను. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమంలో ఈ లేఖ ప్రతి కూడా ఇస్తున్నాను.

చివరిగా ఒక సంగతి. ఇంజనూ గేరుబాక్సూ కొలత కోసం ఒకసారి కూర్చోబెట్టి మళ్ళీ దించేశాను. ఫ్రేము ఇంకా పచ్చి ఇనుముగానే ఉంది. అతుకులు చూడాలంటే రంగు పడకముందే చూడాలి. వానలు పట్టాయంటే తుప్పు ఆగదు, అప్పటిదాకా రెడాక్సైడ్ కొట్టకుండా ఉంచుతాను. విజయనగరం నుంచి గానీ శ్రీకాకుళం నుంచి గానీ మీ ఇన్‌స్పెక్టర్లలో ఎవరైనా అధికారికంగా కాకపోయినా, చూడాలనిపించి వచ్చినా సరే, టార్చిలైటు, కోసి దాచిన ముక్కలు, బిల్లుల ఫైలు బల్ల మీద సిద్ధంగా ఉంటాయి. ఉదయం పది లోపు వస్తే మంచిది. ఆ తర్వాత రేకుల కింద ఉండలేం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్,
నెల్లిమర్ల దారి, విజయనగరం జిల్లా